నెఫిలా ఏ కుటుంబానిది: అరేనిడేనా, నెఫిలిడేనా?

మన్యంబాట (పాడేరు)

అందరికీ నమస్కారం. వానలు తగ్గాక మారేడుమిల్లి దారిలో, రెండు చెట్ల నడుమ కట్టిన ఒక పెద్ద వలను ఫొటో తీశాను. ఎండ పడినప్పుడు దారాలు పసుపుగా మెరుస్తున్నాయి. వలలో ఆడ సాలీడు తల కిందికి పెట్టుకుని కూర్చుంది. పొడవాటి నల్లని కాళ్లు, కీళ్ల దగ్గర పసుపు మచ్చలు, కాళ్లు కాకుండా ఒళ్లే నా బొటనవేలంత. అది నెఫిలా పిలిపెస్ అని పోల్చుకోవడం కష్టం కాలేదు. ఫొటో కింద కుటుంబం పేరు రాయబోయేసరికి చిక్కు వచ్చింది. ఒక పుస్తకంలో అరేనిడే అని ఉంది. ఇంకొకదానిలో టెట్రాగ్నాతిడే. ఒక వెబ్‌సైటులో నెఫిలిడే, మరొకదానిలో మళ్లీ అరేనిడే.

ఒకే సాలీడుకు ఇన్ని ఇంటిపేర్లు ఎందుకు వచ్చాయి? నేను ఏది రాయాలి?

ఇంకొక సందేహం కూడా ఉంది. అదే వలలో చిన్న సాలీళ్లు కొన్ని కనిపించాయి. రెండు మూడు ఎర్రటి గోధుమ రంగువి ఆడదాని దగ్గరలో ఉన్నాయి. అంచుల్లో మరికొన్ని వెండిచుక్కల్లా ఉన్నాయి. అవి పిల్లలేనా?

నల్లపలక (గుంటూరు, విశ్రాంత జువాలజీ అధ్యాపకుడు)

మన్యంబాట గారూ, ముందు చిన్న ప్రశ్నకు జవాబు. ఎర్రటి గోధుమ రంగువి మగవి. పిల్లలు కావు, పూర్తిగా ఎదిగినవే. నెఫిలా పిలిపెస్‌లో ఆడదాని ఒళ్లు మూడు నుంచి అయిదు సెంటీమీటర్లు ఉంటే, మగదానిది అర సెంటీమీటరు చుట్టుపక్కల. ఒక ఆడదాని వలలో ఒకటికి మించి మగవి కాపు కాయడం మామూలే. వెండి రంగువి వేరే కుటుంబానివి. ఆర్జిరోడీస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), థెరిడియిడే కుటుంబం. పెద్ద సాలీడు పట్టించుకోని చిన్న పురుగులను దొంగిలించి బతుకుతాయి. మీ ఫొటో ఒక్కదానిలోనే రెండు కుటుంబాలు ఉన్నాయన్నమాట.

ఇక పెద్ద ప్రశ్న. మీరు చూసిన పేర్లన్నీ ఆయా కాలాల్లో చెల్లినవే. పుస్తకం ఏ సంవత్సరానిదో చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఈ జాతికి 1793లో ఫాబ్రిషియస్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు. అప్పట్లో సాలీళ్లన్నీ అరేనియా అనే ఒకే ప్రజాతి కిందికి వచ్చేవి. 1815లో లీచ్ నెఫిలా అనే ప్రజాతిని విడదీశాడు. 1894లో ఫ్రెంచి శాస్త్రవేత్త యూజీన్ సిమోన్ ఈ గుంపునకు కుటుంబస్థాయి పేరు ఇచ్చాడు. మన దేశపు సాలీళ్ల మీద పోకాక్ 1900లో రాసిన గ్రంథంలో చక్రవలలు అల్లేవాటికి ఆర్జియోపిడే అన్న పేరు కనిపిస్తుంది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన టికాదర్ 1982లో రాసిన సంపుటిలో ఆ కుటుంబం పేరు అరేనిడే, ఆర్జియోపిడే దానికి పర్యాయనామం. పాత భారతీయ పుస్తకాల్లో నెఫిలా మాక్యులేటా అని కనిపిస్తే కంగారు పడకండి, అది మీరు చూసిన పిలిపెస్సే.

1980లలో కొందరు నిపుణులు శరీర నిర్మాణంలోని కొన్ని పోలికలను బట్టి నెఫిలాను టెట్రాగ్నాతిడేకు మార్చారు. 2006లో స్లొవేనియా శాస్త్రవేత్త మత్యాజ్ కుంట్నర్ దీన్ని నెఫిలిడే అనే సొంత కుటుంబంగా నిలబెట్టాడు. 2017లో డిమిత్రోవ్, ఆయన సహచరులు జన్యు ఆధారాలతో మళ్లీ అరేనిడేలోకి తెచ్చి ఉపకుటుంబం చేశారు. 2019లో కుంట్నర్ బృందం మళ్లీ కుటుంబం చేసింది. అయినా అందరూ ఒప్పుకోలేదు. అందుకే ఈనాటికీ మీకు రెండు పేర్లూ కనిపిస్తున్నాయి.

నా మటుకు నేను నెఫిలిడే పక్షం. ఎందుకో ఎవరైనా అడిగితే చెబుతాను.

చెరువుగట్టు (భీమవరం)

మాష్టారూ, నేనే అడుగుతున్నాను. మా వరిచేలల్లో టెట్రాగ్నాతా కుప్పలుగా ఉంటాయి. నీటికి పైన, దుబ్బుల మధ్య వాలుగా చిన్న వలలు. పగలు ఆకుకు అంటుకుని, ముందు కాళ్లు ముందుకు చాపి, గడ్డిపోచలా పడుకుంటాయి. దీపపు పురుగులను, పచ్చదోమను పట్టి తింటాయని రైతులకు చూపిస్తూ ఉంటాను. వాటికి దవడలు బాగా పొడవు. వల నడిమి బొడ్డును కొరికేసి ఖాళీగా ఉంచుతాయి. నెఫిలాకు ఈ లక్షణాలేవీ లేవు. అలాంటప్పుడు ఆ రెండింటినీ ఒక కుటుంబంలో ఎలా పెట్టారు?

జన్యుపటం (హైదరాబాద్, పరిశోధక విద్యార్థి)

చెరువుగట్టు గారూ, పైకి కనిపించే రూపాన్ని బట్టి కాదు, మగదాని పెడిపాల్ప్ నిర్మాణాన్ని బట్టి. సాలీళ్లలో మగవాటికి నోటి పక్కన ఉండే చిన్న కాళ్ల వంటి అవయవాల చివర వీర్యం నింపుకొనే గుబ్బలు ఉంటాయి. జాతి నిర్ధారణకు శాస్త్రవేత్తలు ముందుగా చూసేది వాటినే. అరేనియస్ వంటి అరేనిడే సాలీళ్లలో ఆ గుబ్బ చాలా సంక్లిష్టంగా, అనేక భాగాలతో ఉంటుంది. నెఫిలాలో సాదాగా ఉంటుంది. టెట్రాగ్నాతాలోనూ సాదాగానే ఉంటుంది. ఆ పోలికకు అప్పట్లో చాలా బరువు ఇచ్చారు. కానీ ఒక అవయవం సాదాగా ఉండటానికి ఒక్కటే కారణం ఉండదు. రెండు వంశాల్లో విడివిడిగా కూడా అది సరళం కావచ్చు. డీఎన్‌ఏ పోల్చి చూసినప్పుడు నెఫిలా టెట్రాగ్నాతాకు దూరంగా, అరేనియస్ వైపు నిలిచింది. ఈ విషయంలో ఇప్పుడు చెప్పుకోదగ్గ గొడవ లేదు. టెట్రాగ్నాతిడే అధ్యాయం ముగిసిపోయింది.

మిగిలిన గొడవ అరేనిడే, నెఫిలిడే మధ్యే. అక్కడ నేను మాష్టారితో ఏకీభవించను. నెఫిలా, దాని దగ్గరి చుట్టాలు కలిసి ఒకే వంశం. అరేనియస్, ఆర్జియోపీ, గాస్టెరకాంతా వగైరాలది ఇంకొక శాఖ. రెండూ ఒకే పూర్వీకుని నుంచి వచ్చాయి. ఈ బంధుత్వాన్ని ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి. కొమ్మ ఎక్కడ చీలిందన్నది పరిశోధనతో తేలుతుంది. ఏ చీలిక దగ్గర 'కుటుంబం' అన్న మాట రాయాలన్నది మాత్రం మనం పెట్టుకునే కట్టుబాటు. జంతునామ నియమావళి కూడా కుటుంబం పేరు ఎలా ఏర్పడాలో చెబుతుందే గాని, కుటుంబం అంటే ఎంత ఉండాలో చెప్పదు. అలాంటప్పుడు, ఒక్క గీతతో అందరినీ కలుపుకొనే విశాలమైన అరేనిడేనే ఉంచి, లోపల నెఫిలినే అనే ఉపకుటుంబం పెడితే సమాచారం ఏదీ పోదు. కొత్త జన్యు ఫలితం వచ్చినప్పుడల్లా కుటుంబాలు మార్చే పనీ తప్పుతుంది.

నల్లపలక

జన్యుపటం, నీ వాదన శుభ్రంగా ఉంది. కానీ అడవిలో నిలబడ్డ మనిషికి అది చాలదు.

అరేనిడే అంటే మూడు వేలకు పైగా జాతులు. సాలీళ్ల కుటుంబాల్లో గెంతే సాలీళ్ల కుటుంబం, లినీఫియిడే తర్వాత ఇదే పెద్దది. ఇంత పెద్ద గుంపులో నెఫిలాను కలిపాక 'ఇది అరేనిడే' అని చెప్పితే వినేవాడికి ఏం తెలిసినట్టు? అదే 'నెఫిలిడే' అంటే వెంటనే కొన్ని సంగతులు తెలుస్తాయి. కోరలు మొలిచే దవడ మొదట్లో, బయటి వైపు చిన్న ఉబ్బు ఉంటుంది. నెఫిలా బంధువుల్లో ఆ ఉబ్బు మీద సన్నని గీతలు ఉంటాయి. సూక్ష్మదర్శినితో చూస్తే తెలుస్తుంది.

సూక్ష్మదర్శిని లేనివారికి వల ఉంది. మామూలు చక్రవల అల్లే సాలీడు ముందు ఆరాలు (నడుమ నుంచి అంచులకు సాగే దారాలు) వేస్తుంది, వాటి మీద జిగురు లేని దారంతో లోపలి నుంచి బయటికి ఒక సర్పిలం చుడుతుంది. అది తాత్కాలికం. దాని మీద నడుస్తూ, బయటి నుంచి లోపలికి జిగురు సర్పిలం వేసుకుంటూ వస్తుంది. వస్తూ వస్తూ మొదటి జిగురులేని దారాన్ని తీసేస్తుంది. నెఫిలా తీయదు. అందుకే దాని వలలో జిగురు దారాల గుంపుల మధ్య మధ్య జిగురులేని దారం వరస కనిపిస్తుంది. మన్యంబాట గారూ, మీ ఫొటోను పెద్దది చేసి చూడండి, కనిపించాలి. రోజూ వల మొత్తాన్ని తినేసి కొత్తది కట్టే అలవాటు కూడా దీనికి లేదు. పాడైన భాగాన్నే మార్చుకుంటుంది.

ఒక జంతువు చేసే పనిని బట్టి దాని గుంపును గుర్తుపట్టగలిగినప్పుడు, ఆ గుంపునకు తనదైన కుటుంబం పేరు ఇవ్వడమే న్యాయం. నలభై మంది విద్యార్థులను అడవిలోకి తీసుకువెళ్లి చూపించినప్పుడు పేరు కళ్లకు కనిపించాలి.

మన్యంబాట

మాష్టారూ, పెద్దది చేసి చూశాను. ఉంది! కొన్ని దగ్గర దగ్గర గీతలు, తర్వాత ఒక చిన్న ఖాళీ, ఆ ఖాళీలో వేరే రకం దారం. ఇన్నాళ్లూ సాలీడును చూశాను గాని వలను చదవలేదు.

నెఫిలిడే అంటే ఇంకా ఏవేవి వస్తాయి? మా వైపు చూడగలిగినవి చెప్పండి.

నల్లపలక

2019 నాటి పద్ధతిలో మొత్తం ఏడు ప్రజాతులు: నెఫిలా, ట్రైకోనెఫిలా, నెఫిలెంగిస్, నెఫిలింగిస్, హెరెన్నియా, క్లైటీట్రా, ఇండోయీట్రా. చివరిది శ్రీలంకది.

మీరు తప్పకుండా వెతకవలసింది హెరెన్నియా మల్టీపంక్టా. చెట్టు మాను మీద, బెరడుకు ఆనుకుని నిచ్చెనలాంటి వల కడుతుంది. ఒళ్లు బల్లపరుపుగా, అంచులు నొక్కులు నొక్కులుగా ఉంటాయి. వల బెరడుకు ఎంత దగ్గరగా ఉంటుందంటే పక్క నుంచి వెలుతురు పడితే తప్ప కనిపించదు. రెండోది నెఫిలెంగిస్ మలబారెన్సిస్. ఇది పాత కట్టడాల గోడల దగ్గర, చూరు కింద ఉంటుంది. వల పై అంచు గోడకు తగిలేచోట గొట్టంలాంటి గూడు కట్టుకుని పగలు అందులో దాక్కుంటుంది.

దీని మగదాని సంగతి వింటే ఆశ్చర్యపోతారు. కలయికలో దాని పెడిపాల్ప్ విరిగి ఆడదాని శరీరంలోనే ఉండిపోతుంది. సింగపూర్‌, స్లొవేనియా శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన పరిశోధనలో, మగది పారిపోయాక కూడా ఆ విరిగిన ముక్క వీర్యాన్ని పంపుతూనే ఉంటుందని తేలింది.

మగ్గం (పోచంపల్లి)

ఈ చర్చ చదువుతూ ఉంటే నాకు ఒక్కటే ఆలోచన. ఆ పసుపు దారంతో ఎవరైనా బట్ట నేశారా? మేము పట్టుపురుగుల గూళ్ల నుంచి తీసిన దారం తెచ్చుకుంటాం. సాలీడు దారం అంతకంటే గట్టిదని అంటారు కదా.

జార్జియా తెలుగు (ఆల్ఫరెట్టా)

నేశారు. మడగాస్కర్‌లో సైమన్ పీర్స్, నికొలస్ గాడ్లీ అనే ఇద్దరు, పది లక్షలకు పైగా ఆడ సాలీళ్ల నుంచి తీసిన దారంతో ఒక వస్త్రం నేయించారు. 2009లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో దాన్ని ప్రదర్శించారు. తర్వాత పైన వేసుకునే అంగీ ఒకటి తయారు చేశారు, దాన్ని 2012లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పెట్టారు. ఎక్కడా రంగు వేయలేదు. ఆ బంగారు రంగు దారానికి సహజంగా ఉన్నదే. దారం తీశాక సాలీళ్లను మళ్లీ అడవిలో వదిలేసేవారట.

పట్టుపురుగుల్లా వీటిని ఒకచోట పెంచడం కుదరదు, ఒకదాన్ని ఒకటి తింటాయి. అందుకే అది మార్కెట్టులోకి వచ్చే బట్ట కాలేదు.

మగ్గం

పది లక్షల ప్రాణుల నుంచి పోగు పోగు తీసి వడికినవారికి చేతులెత్తి మొక్కాలి. చిక్కుపడకుండా అంత సన్నని దారాన్ని పేని, పడుగుకు ఎక్కించడం ఎంత ఓపికతో కూడిన పనో మాకు తెలుసు.

జన్యుపటం

ఆ వస్త్రం కూడా మన చర్చకు పనికొస్తుంది. అప్పటి వార్తల్లో ఆ సాలీడు పేరు నెఫిలా మడగాస్కరియెన్సిస్. ఈరోజు వెతకాలంటే ట్రైకోనెఫిలా ఇనాయురాటా అని వెతకాలి. 2019లో కుటుంబం ఒక్కటే కాదు, ప్రజాతులూ మారాయి. వందల జన్యుభాగాలను పోల్చి చూస్తే, అప్పటిదాకా నెఫిలా అనుకున్న జాతులన్నీ ఒక్క కొమ్మ మీద లేవని తేలింది. కొన్ని జాతులు ఆఫ్రికా ప్రజాతి నెఫిలింగిస్‌కు దగ్గరగా వచ్చాయి. అందుకని నెఫిలాలో ప్రధానంగా రెండు జాతులే మిగిలాయి: ఆసియా, ఆస్ట్రేలియా వైపు ఉండే పిలిపెస్, ఆఫ్రికాలో ఉండే కాన్‌స్ట్రిక్టా. మిగిలినవి ట్రైకోనెఫిలాలోకి వెళ్లాయి. ఆ పేరు కొత్తది కాదు, దాల్ అనే శాస్త్రవేత్త 1911లోనే పెట్టాడు.

ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఎందుకంటే ఇక్కడ కట్టుబాటు కాదు, బంధుత్వమే తప్పుగా ఉంది. దాన్ని సరిదిద్దాల్సిందే. కుటుంబం విషయం అలాంటిది కాదన్నదే నా వాదన.

జార్జియా తెలుగు

ఆ మార్పు మా పెరట్లో కనిపించింది. ఇక్కడ అమెరికాలో శరదృతువు వస్తే ఇళ్ల ముందు, కరెంటు తీగల దాకా బంగారు రంగు వలలు. ఇది తూర్పు ఆసియా నుంచి వచ్చిన జోరో సాలీడు. జార్జియా రాష్ట్రంలో 2014లో మొదటిసారి గుర్తించారు. అప్పటి నివేదికల్లో నెఫిలా క్లావాటా, ఇప్పుడు ట్రైకోనెఫిలా క్లావాటా. ఇక్కడ ముందు నుంచీ ఉన్న బంగారు వల సాలీడు కూడా ఇప్పుడు ట్రైకోనెఫిలా క్లావిపెస్. పాత పేరుతో వెతికితే పాత సమాచారం, కొత్త పేరుతో వెతికితే కొత్త సమాచారం వస్తుంది. రెండూ ఒకే ప్రాణివని తెలియనివారికి సగం విషయమే అందుతుంది.

మా వీధిలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, పిల్లలను కరుస్తుందేమోనని అడుగుతూ ఉంటారు. దగ్గరికి వెళ్లి పట్టుకుని నొక్కితే తప్ప కరవదని, కరిచినా మనుషులకు ప్రమాదం లేదని చెబుతుంటాను.

మోడరేటర్

చర్చ బాగా సాగుతోంది. ఒక వినతి: ఏదైనా పుస్తకంలో చూసిన పేరును రాసేటప్పుడు ఆ పుస్తకం ప్రచురణ సంవత్సరం కూడా రాయండి. తర్వాత చదివేవారికి ఏ పేరు ఏ కాలానిదో తెలుస్తుంది.

చింతతోపు (కుప్పం)

మా దగ్గర చక్రవల కాదు, చెట్ల కొమ్మలకు మురికి గుడ్డ చుట్టినట్టు పెద్ద గూళ్లు కనిపిస్తాయి. ఒక్కో గూటిలో చాలా సాలీళ్లు కలిసి ఉంటాయి. స్టెగోడైఫస్ సరాసినోరమ్ అని, కలిసి వేటాడే సాలీడు అని, దీని మీద పరిశోధించడానికి మా ప్రాంతానికి వచ్చినవాళ్లు చెప్పారు. దాని దారానికి జిగురు ఉండదు, తాకితే దూదిలా ఉంటుంది. ఇది నెఫిలాకు చుట్టమేనా?

జన్యుపటం

దూరపు చుట్టం. అది ఎరెసిడే కుటుంబం. మీరు గమనించిన దూదిలాంటి దారమే అసలు సంగతి. సాలీళ్లలో పురుగును పట్టే దారం రెండు రకాలు. ఒకటి జిగురు బొట్లు ఉన్నది, అరేనిడే, నెఫిలా వాడేది. రెండోది అతి సన్నని పోగులను కాళ్ల మీది దువ్వెనతో దువ్వి తయారు చేసేది. దీనికి జిగురు ఉండదు, పోగులే పురుగు కాళ్లకు చిక్కుకుంటాయి.

ఇందులో ఆశ్చర్యం ఏమిటంటే, యులోబోరిడే అనే కుటుంబం ఈ దువ్విన దారంతోనే చక్కటి చక్రవల అల్లుతుంది. అరేనియస్ జిగురు దారంతో అల్లే వల, ఇది అల్లే వల ఆకారంలో ఒకలాగే ఉంటాయి. అందువల్ల చక్రవల అల్లేవన్నీ ఒకే వంశమని చాలాకాలం నమ్మారు. 2014లో రెండు పరిశోధన బృందాలు వేర్వేరుగా పెద్ద ఎత్తున జన్యువులను పోల్చి చూసి, ఆ నమ్మకాన్ని పడగొట్టాయి. యులోబోరిడే చక్రవలలు అల్లే మిగతా వాటికంటే, వలే అల్లని కొన్ని కుటుంబాలకు దగ్గరగా వచ్చింది. అంటే చక్రవల చాలా పురాతనమైనదై, చాలా వంశాలు దాన్ని వదిలేసి ఉండాలి, లేదా ఒకటికి మించిన సార్లు విడివిడిగా పుట్టి ఉండాలి. ఇది ఇంకా పూర్తిగా తేలలేదు.

అందుకే మాష్టారు వలను కుటుంబానికి గుర్తుగా చూపినప్పుడు నాకు కొంచెం భయం వేస్తుంది. వల ఒకసారి మనల్ని దారి తప్పించింది.

నల్లపలక

వల ఆకారం దారి తప్పించింది, నిజమే. నేను చెప్పింది ఆకారం గురించి కాదు, కట్టే పద్ధతిలోని ఒక్క అడుగు గురించి. రెండింటి బరువు ఒకటి కాదు.

పైగా శిలాజాల సంగతి చూడు. 2011లో చైనాలోని ఇన్నర్ మంగోలియాలో దొరికిన జురాసిక్ కాలపు పెద్ద సాలీడుకు నెఫిలా జురాసికా అని పేరు పెట్టారు. దాదాపు 16 కోట్ల 50 లక్షల ఏళ్ల నాటిది. నెఫిలా అంత పాతదా అని ప్రపంచమంతా రాసింది. మగ శిలాజం కూడా దొరికాక, 2013లో అది నెఫిలా కాదని తేల్చి, మంగోలరాక్నె అనే కొత్త ప్రజాతి, దానికి కొత్త కుటుంబం ఏర్పరిచారు. ఒక గుంపునకు ఖచ్చితమైన లక్షణాల జాబితా ఉంటేనే ఇలాంటి తప్పు పేర్లు తొందరగా బయటపడతాయి. హద్దులు మరీ విశాలమైతే ఏదైనా అందులో ఇమిడిపోతుంది.

నీకు 2023 సంగతి తెలిసే ఉంటుంది. దాన్ని కూడా చెప్పు.

జన్యుపటం

చెబుతాను మాష్టారూ. అది మీ పక్షానికి బలమే. ఆస్ట్రేలియాలో పారాప్లెక్టనాయిడిస్ అనే ప్రజాతి ఉంది. చక్రవల అల్లదు, నెఫిలాతో గాని అరేనియస్‌తో గాని చూపుకు పోలిక లేదు. జన్యువుల లెక్కలో మాత్రం ఈ గుంపులోకే వచ్చింది. ఇది ఎటూ సరిపడనందువల్లే అందరినీ ఒకే అరేనిడేలో కలిపేయడం తేలిక అనిపించింది. 2023లో కుంట్నర్ బృందం దీనికి విరుద్ధంగా వాదించింది. ఒక్క వింత ప్రజాతి కోసం స్పష్టంగా గుర్తుపట్టగల గుంపులను చెరిపేయకూడదని, దానికే పారాప్లెక్టనాయిడిడే అనే కుటుంబం ఇచ్చి, నెఫిలిడే, మరో దగ్గరి గుంపైన ఫోనోగ్నాతిడే, ఇరుకైన అరేనిడేలను విడివిడిగా ఉంచమంది. సాలీళ్ల ప్రపంచ జాబితాలు కుటుంబస్థాయిలోనే నడుస్తాయి, సంరక్షణ పనులు కూడా ఆ జాబితాలనే చూస్తాయి, కాబట్టి కుటుంబం పేరు సమాచారం ఇవ్వాలని వారి వాదన.

నా అభ్యంతరం ఒక్కటే. ఒక్క ప్రజాతికి ఒక కుటుంబం ఇస్తే ఆ కుటుంబం పేరు ప్రజాతి పేరు చెప్పేదానికంటే ఏమీ ఎక్కువ చెప్పదు. ఇలా చీలుస్తూ పోతే ఎక్కడ ఆగాలి? అయినా దవడ గీతలు, వదిలిపెట్టిన జిగురులేని దారం కలిసి ఒకే కొమ్మ మీద వస్తున్నాయన్న మీ మాటను కాదనలేను. ఆ కొమ్మకు పేరు కావాలి. ఆ పేరు కుటుంబమా ఉపకుటుంబమా అన్నదే మన తేడా.

చెరువుగట్టు

ఇద్దరి మాటలూ విన్నాక నాకు మాష్టారి పక్షమే నచ్చింది. చేలో రైతుకు చూపించేటప్పుడు 'ఇది టెట్రాగ్నాతిడే, ఇది లైకోసిడే (తిరిగి వేటాడే తోడేలు సాలీళ్లు)' అని చెబితే అతనికి రెండు వేర్వేరు వేట పద్ధతులు అర్థమవుతాయి. కుటుంబం పేరుకు ఆ పని చేసే శక్తి ఉండాలి.

మన్యంబాట

చాలా నేర్చుకున్నాను. ఇక ఫొటో కింద ఏం రాయమంటారు? ఎవరి పక్షమూ వహించకుండా రాసే దారి ఉందా?

జన్యుపటం

ఉంది. ముందు జాతి పేరు పూర్తిగా, కర్త పేరు, సంవత్సరంతో రాయండి: నెఫిలా పిలిపెస్ (ఫాబ్రిషియస్, 1793). కర్త పేరు కుండలీకరణాల్లో ఉందంటే, ఆయన మొదట దాన్ని వేరే ప్రజాతిలో పెట్టాడని అర్థం. మీరు దారిలో ఆర్జియోపీ అనాసుయాను చూస్తే, వల మధ్య తెల్లని గుణకారపు గుర్తు వేసే సాలీడు, దాని కింద ఆర్జియోపీ అనాసుయా థోరెల్, 1887 అని కుండలీకరణాలు లేకుండా రాస్తారు. అది పుట్టిన ప్రజాతిలోనే ఇంకా ఉంది. ఆ చిన్న గుర్తులోనే వర్గీకరణ చరిత్ర కొంత దాగి ఉంటుంది.

కుటుంబం దగ్గర 'అరేనిడే, ఉపకుటుంబం నెఫిలినే' అనో, 'నెఫిలిడే, 2019 పద్ధతి ప్రకారం' అనో రాయండి. ఏ పద్ధతి అన్నది చెప్పినంతవరకు రెండూ చెల్లుతాయి.

నల్లపలక

ఆ రెండో రూపమే రాయండి మన్యంబాట గారూ. ఫొటో తీసిన తేదీ, ఊరు, వల నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కూడా రాయండి. కుటుంబం పేరు రేపు మారినా ఆ మూడూ మారవు. ఈసారి వెళ్లినప్పుడు పాత మామిడి చెట్ల మాను మీద హెరెన్నియా కోసం చూడండి. ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ మంచిది. దొరికితే ఫొటో ఇక్కడే పెట్టండి, దాని దవడ గీతల గురించి మాట్లాడుకుందాం.